షేపులు వచ్చాయి, సోలో ఎందుకు రావట్లేదు?

మన హాస్టల్లో గిటార్లకు కొదవ లేదు. ఏ ఫ్లోర్‌కెళ్ళినా రెండో మూడో కనిపిస్తాయి. మొదటి సంవత్సరంలో కొంటారు, నాలుగు కార్డ్స్ పట్టుకుంటారు, ఫ్రెషర్స్ డేకి ఒక పాట వాయిస్తారు. రెండో సంవత్సరం గడిచేలోపు వాటిలో సగం మంచాల కిందకి చేరతాయి. కొన్ని "గుడ్ కండిషన్, బ్యాగ్ ఫ్రీ" అని వాట్సాప్ గ్రూపులో అమ్మకానికొస్తాయి. ఎందుకురా అమ్మేస్తున్నావ్ అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే. "కార్డ్స్ వచ్చాయిరా. పెంటాటానిక్ ఐదు షేపులూ బట్టీ పట్టా. కానీ సోలో వాయిద్దామంటే స్కేల్ ప్రాక్టీస్ చేస్తున్నట్టే ఉంటోంది, పాటలా ఉండట్లేదు. మనకి ఆ టాలెంట్ లేదులే."

నా పేచీ ఆ చివరి వాక్యంతో. టాలెంట్ ఉందో లేదో తేలేంత దూరం వాళ్ళు అసలు రానేలేదు. షేపులు నేర్పిన వీడియో అక్కడితో ఆపేసి, "ఇక ఫీల్‌తో వాయించండి" అని చెప్పి వెళ్ళిపోయింది. నేర్పాల్సిన అసలు పాఠం దాని తర్వాతే ఉంది. అది ఫీల్ కాదు, మాయ కాదు. నేర్పితే ఎవరికైనా వచ్చేదే. నేర్పకుండా వదిలేసి, రాకపోతే టాలెంట్ మీదకి తోసేయడం నాకు నచ్చదు.

గిటార్ పట్టనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కీబోర్డ్ మీద ఒక్కో శ్రుతికి వేళ్ళ అమరిక మారిపోతుంది. గిటార్‌లో ఆ బాధ లేదు. ఒక స్కేల్ వేళ్ళకి పడితే, చెయ్యి మొత్తం పైకో కిందకో జరిపితే చాలు, అదే స్కేల్ ఇంకో శ్రుతిలో వచ్చేస్తుంది. 5వ ఫ్రెట్ దగ్గర మొదలెడితే ఏ మైనర్ పెంటాటానిక్, అదే బొమ్మని 8వ ఫ్రెట్‌కి జరిపితే సీ మైనర్. అందుకే గిటార్ వాళ్ళందరూ స్కేల్‌ని స్వరాలుగా కాకుండా బొమ్మగా గుర్తుపెట్టుకుంటారు. ఆ బొమ్మనే షేప్ అంటారు, బాక్స్ అని కూడా అంటారు. ఇంత సౌకర్యం ఇంకే వాయిద్యంలో ఉందో నాకు తెలీదు. చిక్కు కూడా ఇందులోనే ఉంది. బొమ్మ గుర్తుంటే చాలు, ఏ స్వరం మోగుతోందో తెలియకుండానే గంటసేపు వాయించేయొచ్చు.

ఈసీఈ వాళ్ళకి చెప్పనక్కర్లేదు, మొదటి సంవత్సరం సర్క్యూట్స్ చదివిన ఎవరికైనా అర్థమయ్యేలా చెప్తాను. ఒక నోడ్ దగ్గర వోల్టేజ్ ఎంత అని అడిగితే మన మొదటి ప్రశ్న ఏంటి? గ్రౌండ్ ఎక్కడ పెట్టావు అని. గ్రౌండ్ మారిస్తే అదే నోడ్ విలువ మారిపోతుంది. సోలోలో మన వేలి కింద ఉన్న స్వరం నోడ్, వెనక మోగుతున్న కార్డ్ గ్రౌండ్. కార్డ్ మారిన ప్రతిసారీ గ్రౌండ్ మారుతుంది. షేప్ ఒక్కటే పట్టుకుని వాయించేవాడు గ్రౌండ్ చూడకుండా రీడింగులు రాసుకుంటున్నట్టు లెక్క.

ఉదాహరణకి మనవాళ్ళు అందరూ వాయించే ఏ మైనర్, ఎఫ్, సీ, జీ తీసుకోండి. దీని మీద ఏ మైనర్ పెంటాటానిక్ వాయించమని చెప్తారు. అందులో ఉన్నవి ఐదు స్వరాలు: ఏ, సీ, డీ, ఈ, జీ. ఇప్పుడు 'ఏ' స్వరాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కదలకుండా నిలబడండి. ఏ మైనర్ కార్డ్ మీద అది ఇంటికొచ్చినట్టుంటుంది. ఎఫ్ కార్డ్ రాగానే అదే స్వరం ఆ కార్డ్‌కి గాంధారం అయిపోతుంది, మెత్తగా, తియ్యగా. సీ మీద ధైవతం. జీ మీద రిషభం, ఇంకా ఎక్కడికో వెళ్ళాల్సినట్టు వేలాడుతూ ఉంటుంది. మీరు వేలు కదపలేదు. అయినా నాలుగు మాటలు మాట్లాడేశారు. మరి అదే 'సీ' స్వరాన్ని జీ కార్డ్ మీద గట్టిగా పట్టుకోండి. చెవికి గుచ్చుకుంటుంది, ఎందుకంటే జీ కార్డ్‌లో ఉన్నవి జీ, బీ, డీ. మీ 'సీ' వెళ్ళి ఆ 'బీ' పక్కనే, ఒక్క ఫ్రెట్ దూరంలో, ఒరుసుకుంటూ నిలబడింది.

ఇంకా తమాషా ఏంటంటే, జీ కార్డ్‌కి ప్రాణం లాంటి ఆ 'బీ' మన పెంటాటానిక్ బాక్స్‌లోనే లేదు. ఎఫ్ కార్డ్‌కి పేరిచ్చిన 'ఎఫ్' కూడా లేదు. అంటే నాలుగు కార్డుల్లో రెండింటికి ముఖ్యమైన స్వరాలు మీరు బట్టీ పట్టిన బొమ్మలో గీయనే లేదు. పెంటాటానిక్‌ని మొదట నేర్పడానికి కారణం కూడా అదే. తగువు పెట్టే స్వరాలు తీసేశారు కాబట్టి ఏది వాయించినా పెద్దగా చెడిపోదు. చెడిపోదు నిజమే. కానీ ఏదీ తగలదు కూడా. మంచం కిందకి పోయిన గిటార్లన్నీ ఈ "చెడిపోదు, తగలదు" దగ్గరే ఆగినవి.

మన దగ్గర ఈ సంగతి కొత్తదేం కాదు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు అంటూ మొదలెడతారు. అవి నెలల తరబడి పాడాలి, తప్పదు. కానీ అలంకారాలు పూర్తి చేసినంత మాత్రాన కల్పనస్వరం వచ్చేసిందని ఏ గురువూ అనడు. కల్పనస్వరానికి వేరే కట్టుబాటు ఉంది. కీర్తనలో ఒక పంక్తి పట్టుకుని, అక్కడికే మళ్ళీ మళ్ళీ తిరిగి రావాలి. ఎడుపు దగ్గర దిగాలి. మొదట చిన్నగా పాడి, తర్వాత ఆవర్తనాలు పెంచుకుంటూ పోవాలి. మనోధర్మం అంటే నోటికొచ్చింది పాడటం కాదు, దిగాల్సిన చోటు తెలిసి దారి మార్చుకోవడం. గిటార్‌లో బాక్సులు మన సరళీ వరుసలే. వాటిని పట్టుకుని నేరుగా మనోధర్మానికి దూకేయమంటున్నారు, అదీ గోడకి అంటించిన ఐదు బొమ్మల పీడీఎఫ్ చూసి.

ఆ ఐదు బొమ్మల గురించి ఇంకో మాట. పెంటాటానిక్‌కి ఐదు షేపులు ఎందుకు? ఐదు స్వరాలున్నాయి కాబట్టి, ఒక్కోదాని నుంచి ఒక్కోటి మొదలవుతుంది. మనవాళ్ళు దీన్నే గ్రహభేదం అన్నారు. మోహన రాగం స్వరాలు తీసుకుని రిషభాన్ని షడ్జం చేస్తే మధ్యమావతి, గాంధారాన్ని చేస్తే హిందోళం, పంచమాన్ని చేస్తే శుద్ధ సావేరి, ధైవతాన్ని చేస్తే శుద్ధ ధన్యాసి స్వరాలు వస్తాయి. (రాగమంటే స్వరాలు మాత్రమే కాదని నాకూ తెలుసు. సంగీతం నేర్చుకున్న మిత్రులు కొట్టకండి.) ఇప్పుడు మళ్ళీ మన నాలుగు కార్డుల దగ్గరికి రండి. ఏ మైనర్ మోగుతున్నప్పుడు ఆ ఐదు స్వరాలు శుద్ధ ధన్యాసివి. సీ కార్డ్ రాగానే అవే మోహన. జీ రాగానే శుద్ధ సావేరి. కచేరీలో తంబురా ఒకే షడ్జాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి గ్రహభేదం చేయాలంటే విద్వాంసుడు పూనుకుని చెయ్యాలి. మనకి కార్డ్ మారగానే అది దానంతటదే జరిగిపోతోంది, వినేవాడుంటే. షేపులు నేర్పే వీడియోలు ఒకటీ రెండూ మూడూ అని నంబర్లు ఇస్తాయి, ఈ సంగతి మాత్రం చెప్పవు.

ఇదంతా పెద్ద థియరీలా ఉంటే, నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. థియరీ పుస్తకం నుంచి కాదు.

మాది అడ్డతీగల. రంపచోడవరం ఏజెన్సీలో కొండల మధ్య ఊరు. పేరు చెప్పగానే కొంచెం చరిత్ర చదివినవాళ్ళు, 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు పోలీస్ స్టేషన్ మీదకి వచ్చిన ఊరేగా అంటారు. అవును, అదే. ఆ తర్వాత వందేళ్ళలో ఏం జరిగిందని ఎవరూ అడగరనుకోండి. మా దగ్గర గిటార్ క్లాసులు లేవు, నేర్చుకోవాలంటే ఘాట్ దిగి ఏలేశ్వరమో కాకినాడో పోవాలి. గట్టిగా వాన పడితే సిగ్నల్ ఉండేది కాదు, కాబట్టి వీడియోలు చూసి నేర్చుకోవడం కుదిరే పని కాదు. గిటార్ ఉన్నది చర్చిల్లో. అక్కడ వాయించే ఒకన్న దగ్గర నేను నేర్చుకున్నాను. పగలు ఆటో నడిపేవాడు, ఆదివారం గిటార్ పట్టేవాడు. పెంటాటానిక్ అనే మాట ఆయన నోట నేను ఒక్కసారీ వినలేదు.

ఆయన పని చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. పాడేవాళ్ళు ఎవరో, ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో ముందు తెలియదు. ఎత్తుకున్నాక వెతికి పట్టుకోవాలి. పల్లవికీ చరణానికీ మధ్య ఖాళీ వస్తే అక్కడ ఒక బిట్టు వాయించాలి. ఆ బిట్టే మనం సోలో అంటున్నది. నాలుగు వరసలు ఉంటుంది, అంతలో పాడేవాళ్ళని మళ్ళీ చరణం ఎత్తుకునే చోటికి తీసుకొచ్చి దింపాలి. దింపకపోతే అందరూ తలో చోట ఎత్తుకుంటారు, రసాభాస.

"అన్నా, ఈ బిట్టు ఏ స్కేల్?" అని అడిగాను ఒకసారి.

"స్కేల్ సంగతి తర్వాత తమ్ముడూ. నేనిప్పుడు కార్డ్ మార్చాను, నీకు వినపడిందా?"

"వినపడింది."

"వినపడితే నీ వేలు ఎందుకు అక్కడే ఉంది మరి? ముందు నోటితో అను. అన్నది వాయించు."

ఆయన కార్డ్స్ వాయిస్తూ ఉండేవాడు, నేను ముందు "నన్నన" అని పాడేవాణ్ణి, పాడింది తీగ మీద వెతుక్కునేవాణ్ణి. ఆయన ఆటో మీద వెళ్ళినప్పుడు ఫోన్‌లో కార్డ్స్ రికార్డ్ చేసిచ్చేవాడు. ఇప్పుడు మీరు బ్యాకింగ్ ట్రాక్ అంటున్నది అదే, మధ్యలో కోడి కూత కూడా వచ్చేది. షేపులు నాకు చాలా తర్వాత, ఈ కాలేజీకి వచ్చాకే తెలిశాయి. అప్పటికే ఊళ్ళో తిరిగిన సందులన్నిటికీ మ్యాప్ దొరికినట్టయింది. మ్యాప్ మంచిదే. కానీ మ్యాప్ చూసి ఊరు తెలుసనుకోకూడదు.

ఇది మా ఊరి అన్న కనిపెట్టిన పద్ధతి అనుకునేరు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మనందరికీ మాండలిన్ శ్రీనివాస్, నేర్చుకున్నది ఇలాగే. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు గాయకుడు. మాండలిన్ వాయించడం ఆయనకి రాదు. ఆయన పాడితే కుర్రాడు ఆ పాటని మాండలిన్ మీద వెతుక్కునేవాడు. ఆ వాయిద్యం మీద కర్ణాటక సంగీతానికి దారి చూపించే షేపులు అప్పటికి ఎవరూ గీసి పెట్టలేదు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళ పిల్లాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి 'రిమెంబర్ శక్తి'లో వాయించాడు. వేలికి ముందు చెవి, చెవికి ముందు గొంతు. ఆయన బాల మేధావి, మనం కాదు, ఒప్పుకుంటాను. కానీ వరస మాత్రం ఎవరికైనా అదే.

దీనికి మన క్లబ్‌లో ఒక సీనియర్ ఎప్పుడూ చెప్పే అభ్యంతరం ఉంది. "ఇంత లెక్కలేస్తే ఫీల్ చచ్చిపోతుంది. బీబీ కింగ్‌కి కార్డ్స్ కూడా సరిగ్గా రావు తెలుసా?" తెలుసు. తనకి కార్డ్స్ వాయించడం రాదని ఆయనే చెప్పుకునేవాడు. కానీ వాయించడం రాకపోవడం వేరు, వినపడకపోవడం వేరు. ఆయన సోలోలు వినండి. కార్డ్ మారిన చోట ఆయన ఆపే స్వరం కూడా మారుతుంది. పాడుతూ వాయించడం కూడా తనకి చేతకాదనేవాడు. అందుకే ఒక వరస పాడతాడు, ఆపి, తన గిటార్ లుసీల్‌తో దానికి జవాబు చెప్పిస్తాడు. మళ్ళీ గొంతు, తర్వాత తీగ. నా వాదనకి ఆయన సాక్షి, ఎదుటి పక్షం సాక్షి కాదు.

సరే, చెయ్యాల్సింది ఏంటి? ఈ వారం మీ పీడీఎఫ్ పక్కన పెట్టి ఇది చేసి చూడండి. ఏ మైనర్, ఎఫ్, సీ, జీ ఒక్కోటి నాలుగు బీట్లు, నిమిషానికి 60 బీట్ల వేగంతో, ఫోన్‌లో మీరే వాయించి ఒక పది నిమిషాలు రికార్డ్ చేసుకోండి. డౌన్‌లోడ్ చేసిన ట్రాక్ వద్దు. మీ చేత్తో మార్చిన కార్డ్ మీ చెవికి ముందే తెలుస్తుంది. ఇప్పుడు దాని మీద నాలుగే నాలుగు స్వరాలు. ఏ మైనర్ మోగినప్పుడు రెండో తీగ 5వ ఫ్రెట్. ఎఫ్ రాగానే అదే తీగ 6వ ఫ్రెట్. సీకి వెనక్కి, మళ్ళీ 5. జీ వచ్చేసరికి మూడో తీగ 4వ ఫ్రెట్. తిరిగి ఏ మైనర్ వచ్చినప్పుడు మూడో తీగ 5, అక్కడ నిలబడి, సగంలో రెండో తీగ 5కి వచ్చేయండి.

రెండు తీగలు, మూడు ఫ్రెట్లు. ఏ మైనర్ షడ్జం అనుకుంటే మీరు వాయించింది ప, ధ, ప, రి, గ. ఆ 6వ ఫ్రెట్ 'ఎఫ్', ఆ 4వ ఫ్రెట్ 'బీ', ఇందాక బాక్స్‌లో లేవన్న ఆ రెండు స్వరాలే. ప నుంచి ధకి ఒక్క ఫ్రెట్, రి నుంచి గకి ఒక్క ఫ్రెట్. ఇంత చిన్న కదలికకి వెనక కార్డ్ మొత్తం తలుపు తీసినట్టు తెరుచుకుంటుంది. కార్డ్స్ రికార్డింగ్ ఆపేసి ఈ స్వరాలు మాత్రమే వాయించండి. కార్డ్స్ లేకపోయినా వాటి మార్పు చెవిలో వినిపిస్తుంది. సోలో అంటే నా దృష్టిలో ఇదే: వెనక వాయిద్యాలు ఆగిపోయినా పాట ఎక్కడుందో తెలియాలి.

ఒక చుట్టు పదహారు సెకన్లు, పది నిమిషాల్లో ముప్పై ఏడు చుట్లు. మొదటి రోజు అంతకంటే ఏమీ వద్దు, విసుగొచ్చినా సరే. రెండో రోజు కార్డ్ మొదటి బీట్ మీద ఆ స్వరం పడేలా చూసుకుంటూ, మధ్య బీట్లలో మీ బాక్స్ స్వరాలు కలపండి. షేపులకి ఇప్పుడు పని దొరికింది. దిగాల్సిన స్టాపులు ఖాయమయ్యాయి కాబట్టి వాటి మధ్య ఏ దారిన పోయినా పర్లేదు. మూడో రోజు నుంచి వాయించే ముందు పాడండి. గొంతు బాగోకపోతే ఏం, రూమ్మేట్ తిడతాడు, అంతేగా. ఇంకోటి, పాడేటప్పుడు ఊపిరి తీసుకోవాలి కాబట్టి మధ్యలో ఆగుతాం. వేళ్ళకి ఊపిరి అక్కర్లేదు, అందుకే షేపులతో నేర్చుకున్నవాడి సోలోలో ఖాళీ ఉండదు. పాడింది మాత్రమే వాయిస్తే ఆ జబ్బు దానంతటదే తగ్గిపోతుంది.

రూమ్మేట్ అంటే గుర్తొచ్చింది. వెస్ మాంట్‌గోమరీ పగలు పనికెళ్ళి రాత్రి ప్రాక్టీస్ చేసేవాడట. చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బంది అని పిక్ వదిలేసి బొటనవేలితో మెల్లగా వాయించడం మొదలెట్టాడని చెప్తారు. జాజ్ గిటార్‌లో ఆయన పేరు నిలబడిన ఆ మెత్తటి నాదం అలా వచ్చిందట. ఆయన నేర్చుకున్నదీ చార్లీ క్రిస్టియన్ సోలోలని రికార్డుల్లోంచి చెవితో పట్టుకునే.

చివరగా మన క్లబ్ వాళ్ళకి ఒక విన్నపం, కొంచెం గట్టిగానే. ఫెస్ట్ బ్యాండ్‌కి లీడ్ గిటార్ ఆడిషన్ అంటే ఏం అడుగుతున్నాం? పేరున్న ఒక సోలోని ఉన్నదున్నట్టు, వేగం తగ్గకుండా వాయించమంటున్నాం. అది బట్టీ పరీక్ష. మిడ్ ఎగ్జామ్‌కి పాత పేపర్లు చదివినట్టు ఆరు నెలలు దాని మీదే కూర్చున్నవాడు, మంచి కోర్సు కొనుక్కున్నవాడు, మంచి గిటార్ ఉన్నవాడు గెలుస్తాడు. మా అడ్డతీగల అన్నలాంటి వాడు వస్తే మొదటి రౌండ్‌లోనే పోతాడు. కానీ స్టేజీ మీద పాడేవాడు పల్లవి ఒకసారి ఎక్కువ పాడినా, చరణం మింగేసినా, బ్యాండ్‌ని కాపాడేది అలాంటివాడే. పోయినసారి ఒక ఫెస్ట్‌లో చూశాం కదా, గాయకుడు రెండు బార్లు ముందే ఎత్తుకున్నాడు, మన లీడ్ గిటార్ బట్టీ పట్టిన సోలో బట్టీ పట్టినట్టే సాగింది, పాట ఒక పక్క, సోలో ఒక పక్క.

ఈసారి ఆడిషన్‌లో ముందెప్పుడూ వినిపించని నాలుగు కార్డ్స్ ఇద్దాం. రెండు చుట్లు విననిద్దాం. మూడో చుట్టు పాడమందాం, నాలుగో చుట్టు వాయించమందాం. వేగానికి మార్కులు వద్దు. కార్డ్ మారినప్పుడు వేలు మారిందా లేదా అన్నదే చూద్దాం. కార్డ్స్ వాయించడానికి మనిషి కావాలంటే నేనున్నాను. ఏ బ్లాక్‌లో అయినా సరే, స్టడీ అవర్స్ అయ్యాక. గిటార్ అమ్మకానికి పెట్టినవాళ్ళు ఇంకా అమ్మకపోతే, దాన్నీ తెచ్చుకోండి.